చెల్లుబాటయ్యే ప్రాంతం

తుపాకి లైసెన్సు పుస్తకం తెరిస్తే ఫొటో, చిరునామా, ఆయుధం నంబరు, కొన్న తూటాల లెక్క వరసగా కనిపిస్తాయి. వాటి మధ్య చాలామంది చూసీ చూడనట్టు దాటేసే గడి ఒకటుంది. ఈ లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో చెప్పే గడి అది. అక్కడ జిల్లా పేరుంటే జిల్లా పొలిమేర దాటగానే, రాష్ట్రం పేరుంటే రాష్ట్రం దాటగానే ఆ పుస్తకం ఉత్త కాగితం. చేతిలో తుపాకి నేరానికి సాక్ష్యం. సంగారెడ్డి జిల్లా వాయవ్య కొసన, కర్ణాటకను ఆనుకొని ఉన్న కంగ్టిలో ఆ గడికున్న బరువు హైదరాబాదులో కూర్చుంటే తెలియదు. పొరుగు రాష్ట్రంవాడికి ఇక్కడ లైసెన్సు దొరకడం, ఇక్కడి లైసెన్సు పొరుగున చెల్లడం ఎందుకింత కష్టమని అడిగేవాళ్లకు చరిత్ర ఒక జవాబు చెబుతోంది. మన దగ్గర తుపాకి లైసెన్సంటే మనిషిని ఎరిగిన చోటు రాసిచ్చే పూచీ. ఆ పూచీని చోటు నుంచి తెంపిన ప్రతిసారీ అది అంగడి సరుకయింది. అందుకే ఈ కట్టుబాటు ఉండాల్సిందేనని నా వాదన. సరిదిద్దాల్సింది పూచీ పడేవాళ్లను ఎంచుకునే తీరును.

కంగ్టి చుట్టుపక్కల మాత్రం చోటు అనే మాటే నిలకడగా లేదు. నిజాం కాలంలో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. కచేరీ పని, సంత, చుట్టరికం అన్నీ బీదర్ వైపే. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకాలో నిర్ణా సర్కిల్ పోగా మిగిలిన భాగం, న్యాలకల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. 2014 జూన్ 2న రాష్ట్రం పేరు తెలంగాణ అయింది. 2016లో జిల్లా పేరు సంగారెడ్డి అయింది. అరవై ఏళ్లలో ఊరు అంగుళం కదల్లేదు, దాని చిరునామా మాత్రం మూడుసార్లు మారింది. ఇప్పటికీ ఇక్కడివాళ్ల నోట తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే మాటలో కలిసి వస్తాయి. సంగారెడ్డి కలెక్టరేటు కన్నా బీదర్ కోటే దగ్గర.

ఆయుధానికి కాగితం కావాలన్న నియమం ఈ దేశంలో 1857 తిరుగుబాటు భయం నుంచి పుట్టింది. ఆ ఏడాదే ఒక చట్టం, 1860లో మరొకటి వచ్చాయి. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో భారత ఆయుధ చట్టం స్థిరపడింది. యూరోపియన్లకు ఆ చట్టం కింద మినహాయింపులుండేవి, రైతుకు లైసెన్సు గడప ఉండేది. ఈ అవమానం జాతీయోద్యమాన్ని చాలాకాలం కాల్చింది. 1930లో గాంధీ ప్రభుత్వం ముందుంచిన పదకొండు కోర్కెల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులివ్వడం ఒకటి. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును పౌరహక్కుల్లో చేర్చింది. అయినా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ ఆ హక్కును రాజ్యాంగంలోకి తెద్దామని సవరణ పెడితే అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సభా ఒప్పుకోలేదు. 19వ అధికరణలో మిగిలింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు.

ఆ చర్చ జరిగేనాటికి బీదర్ జిల్లా నెత్తుటి తడి ఆరలేదు. హైదరాబాదు బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు గనుక 1878 చట్టం ఇక్కడ నేరుగా నడవలేదు. జాగీర్దారుకు, దేశ్‌ముఖ్‌కు తమ సాయుధ మనుషులుండేవారు. 1947–48లో నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల చేతుల్లో తుపాకులున్నాయి. ఎల్లల అవతల, బొంబాయి, మధ్యపరగణాలు, మద్రాసు వైపు శిబిరాలు పెట్టుకున్న స్టేట్ కాంగ్రెసు దళాల చేతుల్లోనూ ఉన్నాయి. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా భారత సైన్యం సాగించిన పోలీసు చర్య తర్వాత జరిగిన మారణకాండను పరిశీలించిన సుందర్‌లాల్ కమిటీ, ఎక్కువగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదర్‌ను చెప్పింది. మిగతావి ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్. హద్దు దాటి వచ్చే తుపాకి అంటే ఏమిటో ఈ నేల పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. స్వతంత్ర దేశం సొంతంగా చేసుకున్న ఆయుధ చట్టం 1959లో వచ్చి 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అది ఎల్లల పట్ల జాగ్రత్త పడిందంటే దాన్ని ఉత్త వలసపాలన వారసత్వమని కొట్టిపారేయలేం.

ఆ చట్టం పనిచేసే తీరు చూస్తే పూచీ సంగతి తేటపడుతుంది. దరఖాస్తు పెట్టుకోవాల్సింది మామూలుగా నివసించే చోటో, వృత్తి చేసుకునే చోటో ఉన్న అధికారి దగ్గర. జిల్లాలో ఆయన కలెక్టరు, హైదరాబాదులో పోలీసు కమిషనరు. పుట్టిన ఊరు ఏదని చట్టం అడగదు. బిహారు నుంచి వచ్చి పటాన్‌చెరులో ఏళ్లుగా వ్యాపారం చేసుకుంటున్న మనిషికీ ఇక్కడ దారి ఉంది. అధికారి ఠాణా నుంచి రిపోర్టు తెప్పించుకోవాలి. ఒకప్పుడు ఆ రిపోర్టుకు ముందు పోలీసు పటేలు నోటిమాట ఉండేది: ఎవడి కొడుకు, ఎవడితో తగాదా, తాగితే ఎలా ఉంటాడు. పటేళ్ల వ్యవస్థ పోయాక ఆ పని కానిస్టేబులు మీద పడింది, ప్రశ్నలు మాత్రం అవే. తుపాకి పట్టుకొని ముప్ఫై రోజులకు మించి వేరేచోటికి పోతే కొత్తచోటి అధికారికీ, పాతచోటి అధికారికీ తెలపాలి. 2016 ఆయుధ నియమాల్లో ఇంకోటి ఉంది. బహిరంగ స్థలంలో చేతి తుపాకి ఒరలోనో సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, ఊపి చూపడం కుదరదు. అమెరికాలో దాచి పట్టుకుతిరగడానికి ప్రత్యేక పర్మిట్ కోసం రాష్ట్రాల మధ్య ఇంత రభస జరుగుతుంటే, ఇక్కడ లైసెన్సుదారు దాచే తిరగాలి.

పూచీ చోటు నుంచి తెగితే ఏమవుతుందో జమ్మూ కశ్మీర్ చూపించింది. 2012–2016 మధ్య అక్కడి జిల్లాల నుంచి 2.78 లక్షలకు పైగా లైసెన్సులు వెలువడ్డాయని సీబీఐ చెప్పింది. అందులో పెద్ద వాటా ఆ జిల్లాల్లో ఎన్నడూ ఉండని బయటి రాష్ట్రాలవాళ్లది. 2017లో రాజస్థాన్ పోలీసులు తీగ లాగారు, 2018లో కేసు సీబీఐకి వెళ్లింది, డొంకలో ఐఏఎస్ అధికారులే దొరికారు. అక్కడ దరఖాస్తుదారుడి ఊరి ఠాణా తలుపు ఎవరూ తట్టలేదు. చిరునామా గడిలో ఏదో ఒక చిరునామా పడింది, సొమ్ము చేతులు మారింది. 2022లో హైదరాబాదు పోలీసులు పట్టుకున్న ముఠా జమ్మూ కశ్మీర్‌లోని రాజౌరీ పేరుతో నకిలీ లైసెన్సులు పుట్టించి సెక్యూరిటీ గార్డులకు అంటగట్టింది. ఏటీఎం ముందు, నగల కొట్టు ముందు తుపాకి పట్టుకొని నిలబడ్డ మనిషి గురించి ఏ ఊరూ ఏమీ చెప్పలేదన్నమాట. నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఇదే.

డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంటే తుపాకి లైసెన్సు ఎందుకు చెల్లకూడదని అడుగుతారు. రాజ్యాంగం ఎక్కడికైనా పోయే, ఎక్కడైనా స్థిరపడే హక్కు ఇచ్చింది కదా అంటారు. డ్రైవింగ్ లైసెన్సు నేర్పుకు సర్టిఫికెట్టు. స్టీరింగు తిప్పడం వచ్చినవాడికి కంగ్టిలోనూ వస్తుంది, కటక్‌లోనూ వస్తుంది. తుపాకి లైసెన్సు రెంటిని తూస్తుంది: అవసరమా, నమ్మదగినవాడా. రెండూ చోటును బట్టి మారేవే. అడవి పంది కందిచేను తొక్కే చోట అవసరం ఒకటి, నగరంలో అపార్టుమెంటులో అవసరం ఇంకొకటి. అమెరికాలో యూటా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాలు బయటి రాష్ట్రాలవాళ్లకూ పర్మిట్లిస్తాయి నిజమే. అక్కడ ఆయుధం రాజ్యాంగ హక్కు, 2022లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు దాన్ని ఇంకా గట్టిపరచింది. ఆ దేశం కూడా హెచ్-1బీ వీసా మీద ఉన్న మన తెలుగు ఇంజనీరును, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి ముట్టుకోనివ్వదు. చోటుతో నిలకడైన బంధం లేనివాడి విషయంలో అదీ వెనకాడుతుంది.

దీనికన్నా బరువైన అభ్యంతరం తెలంగాణ చరిత్రే లేవనెత్తుతుంది. చోటు ఎరిగినవాడంటే ఎవరికి ఎరుక? 1946 జులై 4న కడవెండిలో రైతాంగ పోరాట యోధుడు దొడ్డి కొమరయ్యను పొట్టన పెట్టుకున్న తుపాకులు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులవి. ఊళ్లో అందరికన్నా పరపతి ఉన్నవాడి చేతిలోనే తుపాకి ఉండేది, వడిసెల పట్టిన రైతుకు ఏ పటేలూ పూచీ పడలేదు. ఈ మాట నేను కాదనలేను. పూచీని దొర గడీ నుంచి విడిపించడానికి 1959 చట్టం కొంత చేసింది. కాదంటే కారణం రాసిపెట్టాలంది. మామూలుగా ఆ కారణాన్ని అడిగినవాడికి చెప్పాలంది. పై అధికారికి అప్పీలు పెట్టింది. పంట కాపలాకు నిజంగా గొట్టంలో మందు దట్టించే భర్మార్ తుపాకి కావాలన్న రైతుకు, చట్టం వద్దన్న కారణాలేవీ లేకపోతే, లైసెన్సు ఇవ్వాలనే చెప్పింది. 2019 సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. దొరలదే పెత్తనం కాకుండా చూడాల్సిన మార్గాలు ఇవీ, ఇలాంటివీ. ఠాణా రిపోర్టులో గ్రామసభ మాటకు, ఇరుగుపొరుగు ఆడవాళ్ల మాటకు చోటివ్వడం వీటికి కలవాలి. ఇంట్లో తుపాకి ఉంటే ముందు తెలిసేది వాళ్లకే.

ఇక కంగ్టి లాంటి అంచు మండలానికి జరిగే అన్యాయం వేరే రకం. అంచున వ్యవసాయం చేసేవాడికి ఇటు గట్టు తెలంగాణలో, కౌలుకు పట్టిన అటు గట్టు కర్ణాటకలో ఉండొచ్చు. పందుల మంద గెనెం మీద ఏ రాష్ట్రమని చూడదు. ఇటు చేలో భుజాన వేసుకున్న భర్మార్ అటు చేలోకి అడుగుపెట్టగానే లైసెన్సు లేని ఆయుధం. పందిని కొట్టడానికి అటవీ శాఖ అనుమతి వేరే కావాలి, అదీ హద్దు దగ్గరే ఆగుతుంది. దీనికి దేశమంతా చెల్లే లైసెన్సు అక్కర్లేదు. 2010లో కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే గట్టి కారణముంటే గరిష్ఠంగా మూడు పొరుగు రాష్ట్రాల దాకా చెల్లుబాటు పెంచే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది. పొలం పాసుపుస్తకం, కౌలు కాగితం చూసి, ఇటువైపు ఠాణా ఒక మాట, అటువైపు ఔరాద్ ఠాణా ఒక మాట రాస్తే, ఆ గడిలో సంగారెడ్డి పక్కన బీదర్ అని ఇంకో పేరు రాయడానికి చోటుంది. 1956కు ముందు ఈ ఊరి కాగితాల మీద ఉన్నది ఆ పేరే.