ఓరుగల్లు: కోటలు, చెరువులు

కాకతీయుల రాజధానియైన ఓరుగంటిని చూడబోవువారు ముందుగా హనుమకొండలో ఆగుట మంచిది. ఆ రాజ్యము వేళ్లూనినది అచ్చటనే. రుద్రదేవుడు తన స్వాతంత్ర్యమును చాటుచు 1163లో వేయించిన శాసనము వేయిస్తంభముల గుడిలో నేటికిని కలదు. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భాలయములు గల త్రికూటమది.

1199లో రాజ్యమునకు వచ్చిన గణపతిదేవుని కాలమున ఓరుగల్లు మహానగరమయ్యెను. ఆతడును, ఆతని కుమార్తె రుద్రమదేవియు దానికి రాతికోటను సమకూర్చిరి. దాని చుట్టును కందకము, ఆ వెలుపల మట్టికోట. కోటవాకిళ్లలో తిన్నగా సాగు దారి లేదు. లోనికి వచ్చువాడు మలుపులు తిరిగియే రావలెను. నగరమధ్యమున స్వయంభూ శివాలయ ముండెను. నేడా గుడి లేదు. నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు మాత్రము లేని దేవళమునకు కావలి కాయుచున్నవి. సమీపముననే తరువాతి పాలకుల ఖుష్ మహల్ కలదు.

1310లో మాలిక్ కాఫూరు ముట్టడించినపుడు మట్టికోట పట్టుబడినను రాతికోట నిలిచెను. ప్రతాపరుద్రుడు కప్ప మిచ్చి సంధి చేసికొనెను. 1323లో ఉలూఘ్ ఖానునకు రాతికోటయు లోబడెను. ఓరుగల్లు సుల్తాన్‌పూరయ్యెను.

ఇంతవరకు చూచి నిట్టూర్చి మరలువారు ఓరుగంటిని సగమే చూచినవారు. ఈ నగరమునకు అన్నము పెట్టినవి పాఖాల, రామప్ప, లక్నవరము వంటి చెరువులు. గుట్టల నడుమ కట్టలు వేసి, వాగుల నాపి, మెట్టను మాగాణిగా మార్చిరి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. నీటిపై తేలునంత తేలికయైన ఆ శిఖరపు టిటుకలను గూర్చి అందరును చెప్పుకొందురు. చెంతనున్న చెరువుకట్ట నెక్కి చూచువారు కొందరే. ఆ కట్ట క్రింద నేటికిని వరి పండుచున్నది.

2015లో తెలంగాణ ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణకు పూనుకొని, ఆ కార్యమునకు 'మిషన్ కాకతీయ' అని పేరిడినది. ఆ పేరు ఉచితమైనదే. రాజులు తమ రక్షణకై కట్టుకొనిన కోటలు వారిని కాపాడలేకపోయినవి. ప్రజలకై కట్టించిన చెరువులు రాజ్యము పోయిన ఏడువందల యేండ్లకును నిలిచినవి. అయితే చెరువునకు శత్రువు వెలుపలినుండి రాడు. పూడిక తీయని బద్ధకము, శిఖమును ఆక్రమించు పేరాస, ఇవియే దానికి ముట్టడి. ఆ ముట్టడిని ఎదుర్కొనవలసినవారము మనమే.