తెర పక్కన మనిషి

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ (ఉపగ్రహ బోధన టీవీ) ప్రయోగంలో కార్యక్రమాలు 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు చేరాయి. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. వేలాది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు శిక్షణ కూడా అప్పుడే ఇచ్చారు. టీవీ, రేడియోలతోపాటు చేత్తో చేసి చూసే ప్రయోగాలనూ, దగ్గరుండి నడిపించే మనిషినీ అందులో కలిపారు. తెర చూపిస్తుంది, సందేహం తీర్చేది మాత్రం మనిషేనని ఆనాడే గుర్తించారు.

గుంటూరు, ప్రకాశం సీమల్లో నేడు ఉపాధ్యాయులను దగ్గరుండి నడిపించే ఆ పాత్ర బోయపాలెం, మైనంపాడు డైట్‌లది (జిల్లా విద్యా శిక్షణ సంస్థలది). 2020 జూలై 16న నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ ఆన్‌లైన్‌కు మారినప్పుడు కూడా మొదటి విడతలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లనే ముందుగా తీర్చిదిద్దారు. నిపుణుడి వీడియో అందరికీ ఒకేలా అందుతుంది కదా, ఇక బోధకుడెందుకని కొందరంటారు. అందడం నిజమే, మంచిదే. కానీ మిరప కోతలకు కన్నవాళ్ల వెంట వెళ్లిన పిల్లలు తిరిగొచ్చాక పాఠం ఎక్కడ అందుకోవాలో ఆ వీడియోకు తెలియదు. ఆ బడిని ఎరిగిన బోధకుడికి తెలుసు. కాబట్టి వీడియోలు చూపే ట్యాబ్‌లు కొనే ముందు డైట్‌లలో బోధకుల కొరత లేకుండా చూడాలి.