మారుమనువు తరువాత పిల్లల బాధ్యత

భార్యాభర్తల బంధం విడాకులతో ముగియవచ్చు గాని, తల్లిదండ్రుల బంధం ముగియదు. విడిపోయిన ఇద్దరిలో ఒకరు మారుమనువు చేసుకున్నప్పుడు ఈ సంగతి తరచు మరుగున పడుతుంది. కొత్త సంసారం వచ్చింది గనుక బిడ్డతో ఇక పని లేదని ఒక పక్షం, మారుతండ్రి ఉన్న ఇంట బిడ్డను ఉంచరాదని మరొక పక్షం పట్టుబడతాయి. చట్టం ఈ రెండు వాదనలనూ ఉన్నవి ఉన్నట్లుగా అంగీకరించదు.

చట్టం చెప్పేది

హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షను ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండాలి. ‘తరువాత’ అంటే తండ్రి మరణానంతరమే కాదనీ, తండ్రి బిడ్డను పట్టించుకోని పరిస్థితి కూడా అందులోకి వస్తుందనీ సుప్రీంకోర్టు 1999లో వివరించింది. మారుతండ్రి, సవతితల్లి సహజ సంరక్షకులు కారని అదే సెక్షను స్పష్టం చేస్తున్నది. అనగా మారుమనువు వలన కొత్తగా వచ్చిన వ్యక్తికి సంరక్షకత్వం సంక్రమించదు. కన్నవారి బాధ్యత తొలగిపోదు.

బిడ్డ క్షేమమే అన్నింటికన్న ముఖ్యమని 13వ సెక్షను నిర్దేశిస్తున్నది. అందుచేత మారుమనువు అయినదన్న ఒక్క కారణం చాలదు. ఆ ఇంటి వాతావరణం, బిడ్డ చదువు, ఆరోగ్యం, భద్రత న్యాయస్థానం పరిశీలిస్తుంది. వయసు వచ్చిన బిడ్డ అభిప్రాయాన్ని కూడా 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం తెలుసుకోవచ్చు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షను కింద పిల్లల విషయమై ఇచ్చిన ఉత్తర్వులను పరిస్థితులు మారితే సవరించమని కోరవచ్చు.

పోషణ, ఇంటిపేరు, దత్తత

తల్లి మారుమనువు చేసుకున్నంత మాత్రాన తండ్రి పిల్లల మనోవర్తి మానుకోవడానికి వీలు లేదు. తండ్రికి కొత్త సంసారంలో సంతానం కలిగినా మొదటి పిల్లల పోషణ ఆయన బాధ్యతే.

భర్త మరణించిన తరువాత మారుమనువు చేసుకున్న ఒక తల్లి కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏకైక సహజ సంరక్షకురాలిగా బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెకు ఉన్నదని 2022 జూలైలో తీర్పు వచ్చింది. కన్నతండ్రి జీవించి ఉన్న కుటుంబాలకు ఇది నేరుగా వర్తించదు. మారుతండ్రి బిడ్డను దత్తత తీసుకోవాలంటే కన్నవారి సమ్మతి, నియమాల ప్రకారం జరిగే ప్రక్రియ అవసరం.

సరిహద్దు చిక్కు

విడిపోయిన తల్లి పుట్టింటికి చేరినప్పుడు హోసూరు బిడ్డ కుప్పానికీ, బళ్లారి బిడ్డ గుంతకల్లుకూ మారవచ్చు. 1890 చట్టం 9వ సెక్షను ప్రకారం బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతపు న్యాయస్థానంలోనే సంరక్షకత్వపు అర్జీ వేయాలి. కేసులో అనుకూలత కోసం బిడ్డను హఠాత్తుగా ఎల్లలు దాటించడం వివాదాన్ని పెంచుతుంది.

యానాం, కాకినాడ దగ్గరి ఊళ్లే అయినా, యానాం న్యాయస్థానం మద్రాసు హైకోర్టు పరిధిలోనిది. కాకినాడ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిధిలోనిది. ఒక రాష్ట్రపు కేసును మరొక రాష్ట్రానికి మార్చే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షను కింద సుప్రీంకోర్టుకే ఉన్నది. ఖర్చుకు వెరచి ఊరుకోనవసరం లేదు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది, ఫోను 15100.

ఇంట్లో పాటించవలసినవి

బడి మారితే రెండవ భాష, పాఠ్యాంశాలు కూడా మారతాయి గనుక, విద్యాసంవత్సరం మధ్యలో మార్పు తగదు. బడి, వైద్యం, ఖర్చులు, పండుగ సెలవులలో బిడ్డ ఎవరి వద్ద ఉండేదీ వ్రాతపూర్వకంగా నిర్ణయించుకొని న్యాయస్థానంలో నమోదు చేయించుకోవడం మేలు. ఈ ఏర్పాట్లు కన్నవారిద్దరే మాట్లాడుకోవాలి. కొత్త జీవిత భాగస్వామిని గాని, బిడ్డను గాని రాయబారానికి వాడుకోరాదు.

సవతితల్లిని ‘పిన్ని’ అని పిలవాలా, మారుతండ్రిని ‘నాన్న’ అనాలా అన్నది బిడ్డ మనసుకే వదలాలి. అమ్మమ్మ ఇంట నాన్నను, నానమ్మ ఇంట అమ్మను నిందించే మాటలు బిడ్డ చెవిన పడకూడదు. రెండిళ్ల మధ్య తిరిగే బిడ్డకు ఏ గడపా పరాయిది కాకుండా చూడడమే పెద్దల బాధ్యత.