చెక్ ఇంజిన్ లైటు చెప్పేది, చెప్పనిది

కారు కాస్త పాతబడిందంటే డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలగడం మొదలవుతుంది. మెకానిక్ స్కానర్ పెట్టి కోడ్ తీసేస్తాడు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వస్తుంది. కోడ్‌లో పేరున్న సెన్సార్ మారుస్తారు, డబ్బు ఖర్చవుతుంది, లైటు మాత్రం ఆరదు. ఆ లైటు ఎందుకు పుట్టిందో, దేన్ని చూసి వెలుగుతుందో తెలిస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. దాని చరిత్ర ఇంజిన్ దగ్గర కాక, ఒక నగరం పీల్చిన గాలి దగ్గర మొదలైంది.

1940ల నుంచి లాస్ ఏంజిలస్‌ను గోధుమరంగు పొగ కమ్మేది. జనం కళ్లు మండేవి, పంటల ఆకులు మాడేవి. 1950ల తొలి ఏళ్లలో కాల్‌టెక్ ఆచార్యుడు ఆరీ హాగెన్-స్మిట్ దాని గుట్టు విప్పాడు. కార్లు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా ఏర్పరచిన వాయు వనరుల మండలికి తొలి అధ్యక్షుడూ ఆయనే. 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం కార్ల కాలుష్యాన్ని 90 శాతం తగ్గించమంది. ఫలితంగా 1975 మోడల్ కార్లలో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్, దాని కోసం సీసం లేని పెట్రోలు వచ్చాయి.

తర్వాత వచ్చిన త్రీ-వే కన్వర్టర్ మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుద్ధి చేయగలదు. అయితే ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కలవాలి. ఆ లెక్క అటూ ఇటూ పోతే కన్వర్టర్ మూడింటినీ శుద్ధి చేయలేదు. కార్బురేటర్‌కు అంత కచ్చితత్వం సాధ్యం కాదు. అందుకే 1977 మోడల్‌గా కాలిఫోర్నియాకు పంపిన కార్లలో వోల్వో, బాష్ తయారుచేసిన ఆక్సిజన్ సెన్సార్‌ను అమర్చింది. పెట్రోలు ఎక్కువైతే ఈ సెన్సార్ 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు దాకా చూపిస్తుంది. ఇంజిన్ వేడెక్కి మామూలుగా నడుస్తున్నప్పుడు ఈ రెండింటి మధ్య ఊగుతూ ఉంటుంది. దాన్ని బట్టి ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ పెట్రోలును క్షణక్షణం సరిచేస్తుంది. దీనికి తోడు కూలెంట్ వేడి, థ్రాటిల్, గాలి పీడనం కొలిచే సెన్సార్లూ చేరాయి.

ఈ సెన్సార్లకు వెళ్లే ఇన్ని వైర్లలో ఒకటి తెగినా కంటికి కనబడదు. జనరల్ మోటార్స్ 1981 మోడల్ కార్లలో దానికో దారి చూపింది. డాష్‌బోర్డు కింది కనెక్టర్‌లో రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే చెక్ ఇంజిన్ లైటు కొట్టుకునేది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 12. ఇంజిన్ తిరగడం లేదని, కంప్యూటర్ మేల్కొనే ఉందని దాని అర్థం. 14, 15 కోడ్‌లు రెండూ కూలెంట్ సెన్సార్‌వే. వోల్టేజి మరీ పడిపోతే 14, మరీ పెరిగితే 15. సెన్సార్ బాగానే ఉన్నా వైరు బాడీకి తగిలితే 14, తెగితే 15 రావచ్చు. అంటే ఆ కోడ్ మొదటి నుంచీ తీగలోని వోల్టేజి గురించే మాట్లాడింది. ఏ సామాను మార్చాలో చెప్పడం దాని పనే కాదు.

1988 మోడల్ నుంచి కాలిఫోర్నియా ఈ ఏర్పాటును తప్పనిసరి చేసింది. దాన్నే ఓబీడీ అంటారు. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో కనెక్టర్, ఒక్కో కోడ్. ఆ గందరగోళాన్ని తీర్చింది రెండో తరం ఓబీడీ. అందరికీ ఒకే 16 పిన్నుల కనెక్టర్, ఒక అక్షరం నాలుగు అంకెల కోడ్‌లు వచ్చాయి. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఇది తప్పనిసరైంది. వైరు తెగిందా అని చూడటంతో ఇది ఆగదు. ఇంజిన్ మిస్సింగ్ ఉందా, కన్వర్టర్ పనిచేస్తోందా అని కూడా కనిపెడుతుంది. కన్వర్టర్‌ను కాల్చేసేంత మిస్సింగ్ ఉంటే లైటు టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు బండిని సాగదీయకూడదు.

లైటు పదేపదే రావడానికి కారణం కూడా ఈ నియమాల్లోనే ఉంది. చాలా లోపాలు వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది. మూడు ప్రయాణాల్లో కనబడకపోతే తనంతట తానే ఆరుతుంది. స్కానర్‌తో కోడ్ తీసేస్తే కంప్యూటర్ జ్ఞాపకమే చెరిగిపోతుంది. లోపం అక్కడే ఉంటుంది, పరీక్షలు మొదటినుంచి సాగుతాయి. ఆ కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం దొరికిన క్షణాన ఇంజిన్ వేగం, వేడి, లోడు ఎంతో రాసి ఉంచిన సాక్ష్యం అది.

మన దేశంలో 2000 ఫిబ్రవరి నాటికి సీసం లేని పెట్రోలు అంతటా వచ్చింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో పాటు ఓబీడీ తొలి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతున్న ఆ కాలపు కార్లన్నీ ఈ చరిత్రకు వారసులే.

వాటిలో తరచూ వచ్చే పి0171 కోడ్‌నే తీసుకుందాం. మిక్చర్‌లో గాలి ఎక్కువైందని దానర్థం. ఆ సంగతి చెప్పింది ఆక్సిజన్ సెన్సార్ కాబట్టి దాన్నే మార్చేస్తుంటారు. అసలు కారణం పగిలిన వాక్యూమ్ గొట్టమో, నీరసించిన పెట్రోలు పంపో కావచ్చు. కంప్యూటర్ ఎంత పెట్రోలు అదనంగా కలుపుతోందో స్కానర్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ చూపిస్తుంది. ఐడిల్‌లో ఆ అంకె ఎక్కువగా ఉండి, రేజ్ చేస్తే తగ్గిందంటే ముందు గాలి లీకు వెతకాలి. రేజ్ చేసేకొద్దీ పెరిగిందంటే పంపు, ఫిల్టర్ వైపు చూడాలి.

కూలెంట్ సెన్సార్ కోడ్ వస్తే 1981 నాటి పాఠమే పనికొస్తుంది. రెండు వైర్ల కనెక్టర్ ఊడదీస్తే స్కానర్‌లో సుమారు మైనస్ 40 డిగ్రీలు కనబడాలి. అందులోని రెండు పిన్నులను వైరుతో కలిపితే అంకె ఒక్కసారిగా పైకి ఎగరాలి. రెండూ జరిగితే వైరింగ్ బాగుందని, లోపం సెన్సార్‌దో కనెక్టర్ పట్టుదో అని తేలుతుంది. ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు వస్తే అన్నీ ఒక్కరోజే చెడిపోయాయని నమ్మకూడదు. వాటిలో చాలావాటికి ఉమ్మడి 5 వోల్టుల సరఫరా, ఉమ్మడి ఎర్త్ ఉంటాయి. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, నీరసించిన బ్యాటరీ, షార్టయిన ఒక్క సెన్సార్ చాలు అన్నిటికీ తప్పుడు రీడింగులు రావడానికి.

అమెరికాలో చాలా రాష్ట్రాలు 1996, ఆ తర్వాతి మోడల్ కార్లను ఈ కనెక్టర్ ద్వారానే పరీక్షిస్తాయి. లైటు వెలుగుతుంటే సర్టిఫికెట్ ఇవ్వవు, కోడ్ తీసేసి వచ్చినా పరీక్షలు పూర్తికాలేదని పట్టేస్తాయి. మన పొల్యూషన్ పరీక్షలో సైలెన్సర్‌లోంచి వచ్చే పొగను కొలిచి సరిపెడుతున్నారు. ఈ లైటును కూడా ఆ పరీక్షలో చేర్చాలి. కోడ్ తీసేసి బండి చేతికిచ్చే అలవాటు అప్పుడే పోతుంది. అందాకా ప్రతి కారు యజమానీ మెకానిక్‌ను అడగాల్సినవి రెండున్నాయి: కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసిమ్మనండి. సామాను కొనే ముందు వైరు, ఎర్త్, గాలి లీకు చూశారా అని అడగండి.