కోట ఒకరిది, పట్టణం ఒకరిది: సూరతు పాలన

తాపీ నది ఒడ్డున సూరతు కోట నేటికీ నిలిచి ఉన్నది. పదహారవ శతాబ్దంలో, గుజరాతు సుల్తానుల కొలువులో ఉండిన ఖుదావంద్ ఖాన్ పోర్చుగీసువారి దాడులనుండి పట్టణాన్ని కాపాడుటకై దీనిని కట్టించినాడు. 1573లో అక్బరు చక్రవర్తి స్వయంగా వచ్చి, సుమారు నెలన్నర ముట్టడించి దీనిని స్వాధీనపరచుకొన్నాడు. రాజ్యాలు మారినప్పుడు కోటలు చేతులు మారుట వింత కాదు. అయితే మొగలుల ఏలుబడిలో సూరతులో స్థిరపడిన ఏర్పాటు ఒకటి గమనింపదగినది. కోటకు ఒక అధికారి, కోటగోడను ఆనుకొని ఉన్న పట్టణానికి మరొక అధికారి. ఇద్దరూ పాదుషా చేత నేరుగా నియమితులైనవారే. ఒకరు మరొకరికి లోబడినవారు కారు.

పట్టణాన్నీ రేవునూ చూచుకొనువానికి ముత్సద్దీ అని పేరు. నేడు తెలుగులో ముత్సద్ది అనగా రాజకీయ చతురుడు. ఆనాటి సూరతులో అది ఒక ఉద్యోగం పేరు. వచ్చిపోయే సరకుల మీద సుంకం వసూలు చేయుట, వర్తకుల తగవులు విచారించుట, విదేశీయులతో వ్యవహరించుట అతని పనులు. 1665లో ఔరంగజేబు ముస్లిము వర్తకులకు నూటికి రెండున్నర, హిందువులకు నూటికి అయిదు చొప్పున సుంకం నిర్ణయించినప్పుడు ఆ భేదాన్ని అమలు జరుపవలసినవాడు ముత్సద్దీయే. కోటలోని ఫిరంగులకూ, సైనికులకూ అధిపతి కిల్లేదారు. వీరిద్దరికి తోడు పట్టణంలో రాత్రి కాపలాకు కొత్వాలు, పొలిమేరలకు ఆవలి దారులకు ఫౌజుదారు, ధర్మశాస్త్ర నిర్ణయాలకు ఖాజీ ఉండేవారు. ఊరిలో దొంగతనం జరిగితే సొమ్ము రాబట్టవలసిన బాధ్యత కొత్వాలుది. ఊరి వెలుపల బాటసారి దోపిడికి గురియైతే జవాబు చెప్పవలసినవాడు ఫౌజుదారు. వీరందరి నడవడిని వ్రాసి ఎప్పటికప్పుడు దర్బారుకు పంపుటకు వాకేనవీసు అనే వార్తాలేఖకుడు వేరుగా ఉండేవాడు. 1666లో సూరతును చూచిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఈ ఉద్యోగాలను వివరంగా వర్ణించినాడు. ముఖ్యంగా కోటకూ పట్టణానికీ వేర్వేరు పాలకులుండుటను, వారు పాదుషాకు తప్ప ఒకరికొకరు లెక్క చెప్పనవసరం లేకపోవుటను అతడు పేర్కొన్నాడు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగు సామెత. మొగలులు ఆ సంగతి ఎరుగనివారు కారు. ఎరిగియే రెండు ఒరలు చేయించినారు. మక్కా యాత్రికుల ఓడలు బయలుదేరే రేవు సూరతు. పశ్చిమ సముద్ర వర్తకంలో సామ్రాజ్యానికి ముఖద్వారం కూడ అదే. అట్టి రేవునూ, దాని ఆదాయాన్నీ, దానిని కాపాడే ఫిరంగులనూ ఒక్క చేతిలో పెట్టినచో ఆ చేతికి స్వతంత్రించవలెననే కోరిక పుట్టుటకు ఎంతో కాలం పట్టదు. డబ్బు ఉన్నవానికి కోట లేకుండుట, కోట ఉన్నవానికి డబ్బు లేకుండుట చక్రవర్తికి క్షేమం. సుబాలలో సుబేదారుకు లోబడని దివానును నియమించిన నీతియే ఇక్కడ ఒక పట్టణం మేరకు అమలైనది.

ఇదే కాలంలో తూర్పు తీరాన గోలకొండ సుల్తానుల రేవు మచిలీపట్నం మరొక పద్ధతిలో నడిచినది. అక్కడి పాలనాధికారం గుత్తకు పోయేది. ఎక్కువ మొత్తం ఒప్పుకొన్నవాడు పదవి పొంది, గడువులోగా ఆ మొత్తాన్నీ తన లాభాన్నీ ప్రజలనుండి రాబట్టుకొనేవాడు. ఇంతటి గుత్తాధికారం కింద నలిగినవానికి పోల్చి చూస్తే, సూరతు వర్తకునికి ఒక వెసులుబాటు ఉండినది. ఒక అధికారి వాకిలి మూసినప్పుడు మరొక వాకిలి తట్టి చూడవచ్చును.

ఆ వెసులుబాటు విలువ 1669లో తెలిసినది. ఆ సంవత్సరం ఖాజీ సాగించిన మతపరమైన ఒత్తిడిని భరింపలేక సూరతు బనియాలు సెప్టెంబరు నెలలో పట్టణం విడిచి భరూచికి తరలిపోయినారు. కుటుంబ పెద్దలే ఎనిమిది వేలమంది వెళ్లిరని ఆనాటి ఇంగ్లీషు వర్తకుల లేఖలు చెప్పుచున్నవి. వారిని అడ్డగింపుమని ఖాజీ పట్టణాధికారిని కోరినాడు. వారు పాదుషా ప్రజలు, పాదుషా రాజ్యంలో తమకు నచ్చిన చోటికి పోవచ్చును, వారిని ఆపుటకు తనకు అధికారం లేదని అతడు జవాబిచ్చినాడు. అంగళ్లు మూతపడినవి, వర్తకం స్తంభించినది. చివరకు పాదుషా నుండి అభయం లభించిన మీదట డిసెంబరులో బనియాలు తిరిగివచ్చినారు. పట్టణాధికారీ ఖాజీ ఒక్కరే అయి ఉండినచో ఆ ప్రజల దారి మూసుకుపోయి ఉండేది.

అయితే ఇదే విభజనకు మరొక ముఖం ఉన్నది. దానిని సూరతు అయిదేండ్లు ముందే చూచినది. 1664 జనవరిలో శివాజీ సేన పట్టణం మీదికి వచ్చినప్పుడు పట్టణాధికారి ఇనాయత్ ఖాన్ పట్టణాన్ని వదలి కోటలోకి పోయి తలదాచుకొన్నాడు. నాలుగు దినాలు దోపిడి సాగినది. పశ్చిమ తీరంలోనే మహాసంపన్నుడైన వీర్‌జీ వోరా ఇల్లు ధ్వంసమైనది. ఇంగ్లీషువారూ డచ్చివారూ తమ కోఠీలను తామే కాపాడుకొన్నారు. కోటగోడ చెక్కుచెదరలేదు, ఏలయనగా కోటను కాపాడుట కిల్లేదారు బాధ్యత. అతడు దానిని నెరవేర్చినాడు. కోటకూ ఇంటి గడపకూ నడుమ ఉన్న పట్టణం మాత్రం ఎవరి బాధ్యతా కాకపోయినది. అనంతరం పాదుషా వర్తకులకు ఒక సంవత్సరం సుంకం మాఫీ చేసినాడు. ఇనాయత్ ఖాన్ పదవి పోయినది. కాని ఏర్పాటు మారలేదు. 1670 అక్టోబరులో శివాజీ రెండవమారు వచ్చి పట్టణాన్ని దోచినాడు.

తగవు తీర్చే పెద్ద పైన ఉన్నంతకాలం ఈ పద్ధతి లోపాలతోనే నడిచినది. 1707లో ఔరంగజేబు మరణించిన తరువాత ఢిల్లీ బలం తరిగినది. సూరతు అధికారులు ఒకరిపై ఒకరు చెప్పుకొనే ఫిర్యాదులు వినువాడు లేడు. 1732లో అబ్దుల్ గఫూరు మనుమడు, ఓడల యజమాని ముల్లా మహమ్మదాలీ ప్రేరణతో వర్తకులు ముత్సద్దీ సొహరాబ్ ఖాన్ మీద తిరగబడి అతనిని వెడలగొట్టినారు. ఆ స్థానంలోకి తేగ్ బేగ్ ఖాన్ వచ్చినాడు. అతని సోదరుడు బేగ్లర్ ఖాన్ కిల్లేదారు. ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండుటకై ఏర్పరచిన రెండు పదవులు ఈ విధంగా ఒక్క కుటుంబంలో కలిసినవి. ఆ మరుసటి యేడే, తేగ్ బేగ్ ఖాన్‌ను గద్దె ఎక్కించుటకు తోడ్పడిన మహమ్మదాలీ అతని చెరలో ప్రాణం విడిచినాడు. తట్టుటకు మరొక వాకిలి లేని పట్టణంలో ఎంతటి ధనవంతుడైనా నిస్సహాయుడే.

1746లో తేగ్ బేగ్ ఖాన్ మరణించగా పదవులు మరల చీలినవి. ఈమారు ఒకరిపై ఒకరు కాపలా లేదు, కలహం మాత్రమే మిగిలినది. సూరతు ఆదాయంనుండి జీతం పొందుచు మొగలు నౌకాదళాన్ని నడపిన జంజీరా సిద్దీల చేతికి కోట చిక్కినది. పట్టణంలో నవాబు పదవికి పోటీదారులు పెరిగినారు. 1759 మార్చిలో బొంబాయినుండి వచ్చిన ఇంగ్లీషు కంపెనీ సేన సిద్దీని తొలగించి కోటను పట్టుకొన్నది. కంపెనీ పట్టణాన్ని కోరలేదు; నవాబుగా మియా అచ్చన్‌ను ఉండనిచ్చినది. కిల్లేదారీనీ, నౌకాదళాధిపత్యాన్నీ మాత్రం ఢిల్లీ సన్నదులతో తనకు వ్రాయించుకొన్నది. కోట బురుజులలో ఒకదానిపై ఇంగ్లీషు జెండా, మరొకదానిపై మొగలు జెండా ఎగిరినవి.

చూచుటకు పాత ఏర్పాటే కొనసాగినట్లుండినది. కోటకు ఒకరు, పట్టణానికి మరొకరు. ఇద్దరూ పాదుషా సేవకులే. కాని కిల్లేదారును తొలగించగల శక్తి పాదుషాకు లేదు. కిల్లేదారు మద్దతు లేనిదే నవాబు నిలువలేడు. నలుబది యేండ్లు ఇట్లు గడచినవి. 1800 మే నెలలో బొంబాయి గవర్నరు జొనాథన్ డంకన్ నవాబు నసీరుద్దీనుతో ఒడంబడిక వ్రాయించి, వసూళ్లు, సివిలు, క్రిమినలు విచారణలు సమస్తం కంపెనీకి దక్కించుకొన్నాడు. నవాబుకు ఏటా లక్ష రూపాయల భరణమూ, మిగులు ఆదాయంలో వాటా మిగిలినవి. 1842లో ఆ బిరుదు కూడ అంతరించినది.

సూరతు ఉద్యోగాల పట్టికను చూచినవారికి అందులో లేనిది ఏదీ కనబడదు. రాత్రి దొంగకు, దారి దొంగకు, సుంకపు ఎగవేతకు, తప్పుడు లెక్కకు వేర్వేరుగా జవాబుదారులున్నారు. ఆ పట్టిక పాదుషాను కాపాడుటకై వ్రాయబడినది. 1669లో అది ప్రజలకు కూడ కొంత నీడనిచ్చినది. కాని 1664 జనవరిలో తలుపు గడియ వేసుకొని లోపల కూర్చున్న వర్తకునికి మొత్తం పట్టణానికి జవాబుదారు ఎవరో తెలియలేదు. ఆ లోపాన్ని మొగలు దర్బారు దిద్దుకొనలేదు. తొంబదియైదేండ్ల తరువాత కంపెనీ దానిని గుర్తించి, పట్టికలోని ఒక్క గడిని మాత్రమే అడిగి తీసుకొన్నది.