మళ్లీ చదువుకోవాలంటే: ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో చేతికొచ్చేది ఎంత?

మధ్యలో చదువు ఆపేసి, కొన్నేళ్లు పనికి వెళ్లి, తిరిగి కాలేజీలో చేరే దళిత విద్యార్థులకు ప్రధాన ఆసరా ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉన్న కాలంలో, 1944లో మొదలైంది. పదో తరగతి దాటాక తప్పనిసరి ఫీజులు కట్టడం, ఖర్చులకు ఏటా కొంత అలవెన్సు ఇవ్వడం దీని పని. మన దగ్గర ధర్నాలు, చర్చలు ఎక్కువగా ఫీజు రీయింబర్స్‌మెంట్ చుట్టూనే తిరుగుతాయి. కూలి మానుకుని క్లాసుకు వచ్చే వాళ్లను నిలబెట్టేది మాత్రం అలవెన్సే అని మేము అనుకుంటున్నాం.

లెక్క చూద్దాం. 2021 నుంచి అమలవుతున్న రేట్ల ప్రకారం బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థికి ఏడాదికి హాస్టల్లో ఉంటే 6,000, ఇంటి నుంచి వెళ్తే 3,000 రూపాయలు. అంటే డే స్కాలర్‌కు నెలకు 250. 2024-25లో ఏపీ, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఏడాది చదువుకు చేతికొచ్చేది పది రోజుల కూలి! ఈ అలవెన్సును కనీస వేతనంతో ముడిపెట్టాలని విద్యార్థి సంఘాలు ఎందుకు గట్టిగా అడగవో మాకు అర్థం కాదు. ఏపీలో 2020లో మొదలైన వసతి దీవెన డిగ్రీ వాళ్లకు ఏటా 20,000 ప్రకటించింది. కాకపోతే డబ్బు తల్లి ఖాతాలో వేశారు. పెళ్లయి, పిల్లలున్న విద్యార్థిని ఆ ఊహలోనే లేదు.

ఇక ఆదాయ పరిమితి. 2013-14లో 2.5 లక్షలుగా పెట్టారు, 2021 సవరణలోనూ కదల్లేదు. తల్లి, తండ్రి చెరో 10,500 సంపాదిస్తే ఏడాదికి 2,52,000. అర్హత పోయినట్టే. పరిమితి దాటిన కొద్దీ సాయం మెల్లగా తగ్గే ఏర్పాటు లేదు, ఒక్కసారిగా మొత్తం ఆగిపోతుంది. 2019లో ఈడబ్ల్యూఎస్ కోటాకు పెట్టిన గీత 8 లక్షలు. అది రిజర్వేషన్, ఇది నగదు సాయం కాబట్టి పోలిక అచ్చంగా కుదరదు. అయినా ఎవరిని ఎక్కడిదాకా పేదగా లెక్కిస్తున్నారో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఎవరి ఆదాయం లెక్కలోకి వస్తుంది? తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికున్నా వాళ్లదే చూడాలని, సంపాదించే అన్నదమ్ములది కలపకూడదని 2010 మార్గదర్శకాల్లో ఉంది. ఉద్యోగం లేని వివాహితకు భర్త ఆదాయం చూస్తారు. ఆ డబ్బు ఆమె చదువుకు అందుతుందా లేదా అన్నది ఎవరూ అడగరు.

అదే మార్గదర్శకాల్లో ఉద్యోగస్తులకు ఫీజు మాత్రమే ఇస్తామన్నారు. కోర్సు మొత్తానికి జీతం లేని సెలవు పెట్టి చదివితే పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తారు. తాపీ పనికో హోటల్ పనికో వెళ్లే వాళ్లకు సెలవెక్కడిది? బీఏ అయ్యాక మళ్లీ బీకాంలో చేరినా ఇవ్వరు, ఎందుకంటే రెండూ ఒకే స్థాయి కోర్సులు.

2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఐదేళ్లకు 59,048 కోట్ల అంచనాతో కొత్త విధానం ఆమోదించింది. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలి, కానీ రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే. కాబట్టి డబ్బు ఆగినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది రాష్ట్రం తన 40 శాతం ఎప్పుడు విడుదల చేసిందన్నది. సమాచార హక్కు దరఖాస్తుతో ఆ తేదీని జిల్లా ఎస్సీ సంక్షేమ కార్యాలయాన్ని అడగొచ్చు.