రాజంపేటలో వానాకాలం: ఎప్పుడొస్తది, ఎంత పడ్తది, ఇల్లూ చేనూ ఎట్లా చూసుకోవాలి

కామారెడ్డి జిల్లా రాజంపేట మండలంలో ఏడాది పొడుగునా పారే నది లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు పోసే నీళ్లే చెరువులకు, కుంటలకు, బోర్లకు ఆధారం. మిగతా ఎనిమిది నెలల్లో అకాల వానలు అడపాదడపా పడినా వాటిని లెక్కలోకి తీసుకోవడం కష్టం. ఇలాంటి మెట్ట ప్రాంతంలో "ఈసారి వాన ఎంత పడింది?" అని అడిగితే సరిపోదు, "ఎన్ని రోజుల్లో పడింది?" అని కూడా అడగాలి. నాలుగు నెలల వాన నాలుగు రోజుల్లో కురిసినా రికార్డులో అది "సాధారణ వర్షపాతం"గానే నమోదవుతుంది. చేను మాత్రం ఒకసారి ఎండి, ఒకసారి మునిగి ఉంటుంది.

ముందుగా ఒక జాగ్రత్త. ఫోన్‌లో "రాజంపేట వాతావరణం" అని వెతికితే చాలాసార్లు ఆంధ్రప్రదేశ్‌లో కడప వైపున్న రాజంపేట వస్తుంది. ఆ ఊరికి ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ముఖ్యమే, అవి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. 2021 నవంబర్‌లో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కూడా అటువైపే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఆ హెచ్చరిక చూసి ఇంటికి కంగారుగా ఫోన్ చేసే ముందు జిల్లా పేరు కామారెడ్డి అని ఉందో లేదో చూసుకోవాలి.

మిర్గం నుంచి హస్త దాకా

రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో తెలంగాణకు చేరి అక్టోబర్ మధ్యకల్లా వెళ్లిపోతాయి. జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మిర్గంతో (మృగశిర కార్తె) ఊర్లలో వానాకాలం లెక్క మొదలైతది. 2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది, మిర్గం కూడా అప్పుడే. ఇది ప్రతిసారీ కలిసొచ్చేది కాదు. హిజ్రీ సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఒక పండుగ మళ్లీ అదే రుతువులోకి రావాలంటే దాదాపు 33 ఏళ్లు పడుతుంది. "మా చిన్నప్పుడు రంజాన్ వానల్లో వచ్చేది" అని నానీమా అంటే ఆమె చెప్పేది నిజమే. అందుకే వ్యవసాయం చేసే ముస్లిం కుటుంబాలు కూడా విత్తనాలకు కార్తెలే చూస్తాయి. నిజాం కాలంలో శిస్తు లెక్కలకు హిజ్రీ కాకుండా ఫస్లీ సంవత్సరం వాడింది కూడా పంటల కాలంతో కుదరాలనే. ఇప్పుడందరూ వాడే ఖరీఫ్, రబీ అనే మాటలు అరబీ నుంచి వచ్చినవే. ఖరీఫ్ అంటే శరత్కాలం, రబీ అంటే వసంతం. పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి ఆ పేర్లు పెట్టారు.

జూన్ వానలు మోసం చేస్తాయి. ఒక్క గట్టి జల్లు పడగానే మట్టి వాసనొస్తది, ఎండ తగ్గుతది, విత్తనాల దుకాణాల ముందు లైన్ కడతారు. తర్వాత పది రోజులు చినుకు ఉండదు, మొలక మాడిపోతది. మొత్తం 60 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా వాన పడి, నేల జానెడు లోతు తడిసిన తర్వాతే మక్కలు, సోయా, పత్తి విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తారు. రెండోసారి విత్తనాలు కొనాల్సి వస్తే ఆ ఖర్చు ఎట్లుంటదో కౌలు రైతుకు తెలుసు.

జూలైలో ముసురు పడుతుంది. రోజుల తరబడి సన్నగా కురిసి బట్టలు ఆరనివ్వదు గానీ నేలకు మేలు చేసేది ఈ వానే, నీళ్లు మెల్లగా ఇంకుతాయి. అదే నెలలోనో ఆగస్టులోనో రెండు మూడు వారాల ఎండ విరామం రావచ్చు. అప్పుడు మబ్బులుంటయి, గాలి ఉంటది, వాన మాత్రం ఉండదు. విరామం మరీ సాగిన ఏళ్లలో ఈద్గాల్లో నమాజ్-ఎ-ఇస్తిస్ఖా చదవడం తెలిసిందే. వాన మితిమీరినప్పుడు చేసే దువా కూడా హదీసుల్లో ఉంది. ఈ రెండూ ఒకే ఏడాదిలో అవసరపడే ప్రాంతం ఇది.

ఆగస్టు, సెప్టెంబర్‌లలో బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏర్పడితే చెరువులు నిండేది, మత్తళ్లు దుంకేది అప్పుడే. సెప్టెంబర్ చివర్లో, హస్త కార్తె వచ్చేసరికి, మధ్యాహ్నం దాకా ఎండ కొట్టి సాయంత్రం ఉరుములతో వాన పడటం ఎక్కువైతది.

2025 ఆగస్టు 27

ఆ రోజు వినాయక చవితి. రాజంపేట మండలంలోని ఆర్గొండలో సుమారు ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. తెలంగాణలో నాలుగు నెలల నైరుతి సీజన్ మొత్తానికి సగటు వాన దాదాపు 74 సెంటీమీటర్లు. అంటే సగానికి పైగా ఒక్క దెబ్బలో దిగింది. 10 సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం మీద నాలుగు లక్షల లీటర్ల నీళ్లు పడ్డట్టు. ఆ లెక్కన ఆర్గొండ చుట్టుపక్కల ఎకరానికి 16 లక్షల లీటర్ల పైనే పడ్డాయి. కింద గ్రానైట్ రాయి, పైన పలుచటి ఎర్రనేల. అన్ని నీళ్లు ఇంకే చోటు లేదు, అవి కుంట నుంచి కుంటకు, వాగులోకి, రోడ్ల మీదికి పారాయి. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి, 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి.

ఎల్లారెడ్డి వైపు, నాగిరెడ్డిపేట మండలంలో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన పోచారం ప్రాజెక్టుకు అది అనుకున్న వరద కంటే రెట్టింపును మించి వచ్చింది. ఒక పక్క మట్టి కోసుకుపోయినా వందేళ్లు దాటిన ఆ కట్టడం నిలబడింది. తెగి ఉంటే దిగువ ఊర్ల సంగతి వేరేగా ఉండేది.

హెచ్చరికలు ఎట్లా చదవాలి

వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఎల్లో అంటే గమనిస్తూ ఉండాలి, ఆరెంజ్ అంటే సిద్ధం కావాలి, రెడ్ అంటే వెంటనే కదలాలి. హెచ్చరిక జిల్లా మొత్తానికి ఇస్తారు. ఒక ఊర్లో దంచికొట్టి పక్క ఊర్లో జల్లుతో పోవచ్చు. అందుకే "నిన్న రెడ్ అన్నరు, ఇక్కడ ఏం పడలే" అని మరుసటి రోజు పట్టించుకోకపోవడం ప్రమాదం.

ప్రాణాలు ఎక్కువగా పోయేది వాగు దాటేటప్పుడు. మోకాలి కిందున్న నీళ్లే కదా అనిపిస్తుంది గానీ జానెడు లోతు ప్రవాహం మనిషిని పడేయగలదు, అడుగు లోతు నీళ్లు చిన్న కారును కదిలించగలవు. వంతెన మీద నీళ్లు పారుతుంటే కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనపడదు. దావత్ ఉన్నా, పెళ్లి ఉన్నా వెనక్కి మళ్లడమే. ఉరుము వినపడితే చేను విడిచి పక్కా ఇంట్లోకి రావాలి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది.

పాత పెంకుటిండ్లలో తడిసిన మట్టిగోడ వాన తగ్గి ఎండ వచ్చాక కూడా కూలుతుంది. కాబట్టి ముసలివాళ్ల మంచం ఆ గోడ పక్క నుంచి ముందే జరపాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టా పాస్‌బుక్, పాస్‌పోర్ట్ ఒకే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి అటక మీద ఉంచాలి. మేకలను, బర్రెలను రాత్రి వాగు ఒడ్డున కట్టేయొద్దు. తెగిన కరెంటు తీగ కనపడితే 1912కు, పాము కరిస్తే 108కి, వరదలో చిక్కుకుంటే 112కు ఫోన్ చేయాలి.

వరద పోయాక బోరు నీళ్లయినా మరిగించే తాగాలి. కూలర్లలో, పాత టైర్లలో, వజూ కోసం మసీదు బయట పెట్టిన తొట్లలో నిలిచిన నీళ్లను వారానికొకసారి పారబోసి కడగాలి, డెంగ్యూ దోమ పెరిగేది ఆ శుభ్రమైన నీటిలోనే. ఇక కొత్త బోరు వేయించాలనుకునేవాళ్లు చెరువు నిండిందని తొందరపడకూడదు. రాతి పగుళ్లలోకి నీళ్లు దిగడానికి సమయం పడుతుంది. వానాకాలంలో పోసిన బోరు ఏప్రిల్‌లో కూడా పోస్తదని నమ్మకం లేదు.